నల్లచీమ కుట్టదు

కొబ్బరి మట్టతో నాలుగు తగిలిస్తే మనిషి చస్తాడా? చావడు. చచ్చేటట్టయితే కోనసీమలో ఈపాటికి మగాడనేవాడు మిగిలేవాడు కాదు. కానీ నాగసతీష్ చచ్చిపోయాడు. పొద్దున్నే చెరువు గట్టు మీద వెంకటకృష్ణతో కలియబడి, కిందపడి, లేచి, మెడా చేతులూ రక్కుకుంటూ నాలుగడుగులు నడిచి, ఊపిరాడటం లేదని సైగ చేసి కుప్పకూలాడు. రాజోలు ఆస్పత్రి గుమ్మం ఎక్కేలోపే ప్రాణం పోయింది. పాతికేళ్లవాడు, పెద్ద రోగమేదీ ఎరగనివాడు. ఇంక ఊరు ఊరుకుంటుందా? "కృష్ణగాడు పీక నులిమేసేడు" అని ఒకడన్నాడు. "అవును, నేనూ చూసేను" అని ఊరంతా అంది. అంతే, విచారణ అయిపోయింది.

ఈ కబురు విజయదుర్గకి అమలాపురంలో అందింది. ఆమె వెంకటకృష్ణకి సొంత అక్క, అక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. చీమల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకుందని పుట్టిన ఊరు తాడిమెరకలో ఆమెకి 'చీమల డాక్టరమ్మ' అని పేరు. మర్యాదకి కాదు, వెక్కిరింతకే. ఫోనులో తమ్ముడి భార్య సత్యవేణి ఏడుస్తోంది.

"వదినా, మీ తమ్ముణ్ణి కొట్టి మోటారు షెడ్డులో పడేసి తాళం వేసేరండి. ఆస్పత్రి నుంచి శవం రాగానే దాని పక్కనే ఈయన్నీ పడుకోబెడతారంట. త్రిమూర్తులుగారే అన్నారంట. మీరు రండి వదినా, మీ మాటైనా వింటారేమో."

"పోలీసులకి చెప్పేవా?"

"ఆయ్, చెప్పేను. ఉన్న జీపు బందోబస్తుకెళ్లిందంట. వస్తన్నాం అంటన్నారు, రావట్లేదు."

దుర్గ స్కూటరు ఎలా నడిపిందో, రాజోలు ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు. దారంతా ఒకటే మొక్కు, కృష్ణ బతికుండాలి. అమ్మానాన్నా పోయాక తనే అన్నం కలిపి పెట్టి పెంచింది వాణ్ణి. వాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది, నిజమే. సతీష్ తండ్రి త్రిమూర్తులు రొయ్యల చెరువుల్లోంచి ఉప్పునీరు దిగి తన వరిచేను తగలడిపోయిందని ఆ కుటుంబంతో ఉప్పూ నిప్పులా ఉన్నాడు, అదీ నిజమే. ఈ పొద్దున చెరువు తూముకి ఇసక బస్తాలు అడ్డం వేసింది వాడే. సతీష్ వచ్చి నిలదీస్తే మట్ట అందుకుని మొదటి దెబ్బ వేసిందీ వాడే. కానీ పీక నులిమే మనిషి కాదు. ఆ మాట దుర్గ ఏ దేవుడి ముందైనా ప్రమాణం చేసి చెబుతుంది. ప్రమాణాలు ఎవరిక్కావాలి అక్కడ!

త్రిమూర్తులుది రొయ్యల మీద వచ్చిన డబ్బు. ఆ డబ్బుతో చెరువు గట్టున గెస్ట్ హౌసు కట్టి, దాని ముందు వరసగా ఖర్జూరం చెట్లు పాతించాడు. కొబ్బరితోటలో ఖర్జూరమేంటండీ అని ఎవరైనా అడిగితే, "దుబాయిలో షేకుల ఇళ్ల ముందు ఇయ్యేనండి" అనేవాడు మీసం దువ్వుకుంటూ. మొక్కలు కావు, ఎదిగిన చెట్లనే ఎడారి దేశం నుంచి ఓడలో తెప్పించాడు, వేళ్లకి పట్టిన మట్టి ముద్దతో సహా. అలా మట్టి తేకూడదు. ఎవరి చేతులు తడిపాడో ఏమో, తెచ్చాడు.

దుర్గ వెళ్లేసరికి గెస్ట్ హౌసు వరండాలో మడతమంచం మీద సతీష్ శవం ఉంది. పోలీసులు రావాలి, పోస్టుమార్టం చెయ్యాలి అని డాక్టరు మొత్తుకుంటున్నా వినకుండా తీసుకెళ్లిన కారులోనే వెనక్కి తెచ్చేశారు. తలదగ్గర తల్లి లోవమ్మ కూచుని ఉంది. ఏడవటం లేదు, కొడుకు జుట్టు సవరిస్తోంది. మెట్ల మీద త్రిమూర్తులు, చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి. కింద జనం. మోటారు షెడ్డు తలుపుకి వీపు ఆనించి త్రిమూర్తులు అన్న కొడుకు శివాజీ ఇనప రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. లోపలినుంచి కృష్ణ మూలుగు వినిపించింది. బతికే ఉన్నాడు!

"మావయ్యగారూ..." అంటూ దుర్గ మెట్లెక్కబోయింది.

శివాజీ పరుగున వచ్చి భుజం పట్టుకుని ఒక్క తోపు తోశాడు. దుర్గ గులకరాళ్ల మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

"మావయ్య ఎవరే నీకు? మీ తమ్ముడు మా తమ్ముడి పీక పిసికితే నీకు వరసలు గుర్తొచ్చేయా?"

"శివాజీ, ఒక్కసారి సతీష్‌ని చూడనివ్వు. పీక పిసికితే పీక మీద వేళ్ల గుర్తులుంటాయి. ఉంటే నేనేం మాట్లాడను. నా తమ్ముణ్ణి మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి."

ఆ మాట ఎలా అనగలిగిందో! త్రిమూర్తులు కత్తి ఊపి, "చూడనీరా. తమ్ముడి ఘనకార్యం కళ్లారా చూసుకోనీ" అన్నాడు.

దుర్గ శవం పక్కన మోకాళ్ల మీద కూచుంది. సతీష్ మొహం సతీష్‌ది కాదు. పెదాలు ఉబ్బి, కనురెప్పలు బూరెల్లా పొంగి, నాలుక నోరు నిండా ఉంది. పీక మీద వేళ్ల గుర్తులు లేవు. మట్ట దెబ్బలు వీపు మీద రెండు వాతలు తేలాయి, అంతే. మెడ వెనక, చంకల్లో, నడుము చుట్టూ మాత్రం దద్దుర్లు. దుర్గ వంగి చూసింది. ప్రతి దద్దురు నడిమధ్య సూదితో పొడిచినట్టు చిన్న చుక్క. చొక్కా కాలరు మడత విప్పితే నలిగిపోయిన చీమ ఒకటి రాలి ఆమె అరచేతిలో పడింది. నల్లచీమ.

చేతిసంచీలో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది ఆమెకి. తీసి చూసింది. చుట్టూ మనుషులు బూతులు తిడుతున్నారు, షెడ్డులో తమ్ముడు మూలుగుతున్నాడు, ఈవిడ చీమని చూస్తోంది. "దీనికి పిచ్చెక్కిందిరా" అన్నారెవరో. అననీ. దుర్గ కన్ను భూతద్దం మీంచి తియ్యలేదు. మన ఇళ్లలో పంచదార డబ్బాకి పట్టే నల్లచీమకి ముల్లుండదు. మహా అయితే కొరుకుతుంది. దీనికి నడుము మీద నిటారుగా ఒకటే ముడి. కడుపు మొదటి కణుపు దాటాక దారంతో బిగించినట్టు నొక్కు. చివర, బయటికి పొడుచుకొచ్చిన ముల్లు. ఈ వంశం చీమలు మన పొలాల్లోనూ ఉన్నాయి. అవి ఇంతకంటే చిన్నవి, ఒంటరిగా తిరుగుతాయి, మనిషిని చూస్తే తప్పుకుంటాయి. ఈ ఒడ్డూ పొడుగూ, దవడల తీరూ ఇక్కడివి కావు. బెంగుళూరులో చదువుకునేటప్పుడు అద్దాల పెట్టెలో గుండుసూదులకి గుచ్చి పెట్టిన అరబ్బు ఎడారి చీమల వరసలో చూసింది దీన్ని. ఎడారిలో నీళ్లు పారించే తోటల్లో, చెట్ల మొదళ్లలో కాపురం ఉంటుంది. అక్కడ ఇది కుట్టి మనుషులు చచ్చిపోయారు.

మరి ఎడారి చీమ గోదారి లంకల్లోకి ఎలా వచ్చింది? తలెత్తితే ఎదురుగా ఖర్జూరం చెట్లు.

దుర్గ లేచి, ఎవరు అరుస్తున్నా ఆగకుండా గట్టు మీదికి నడిచింది. పొద్దున పెనుగులాట జరిగిన చోట గడ్డి నలిగిపోయి ఉంది. అది సరిగ్గా మొదటి చెట్టు పాదులో ఉంది. పాదు చుట్టూ మట్టి బెడ్డల మధ్య బొక్కలు, వాటిలోంచి అవే చీమలు, పెద్ద పుట్ట. అంతవరకూ ఆమె అనుకున్నదే. అనుకోనిది ఒకటి కనబడింది. బొక్కల చుట్టూ ఎవరో చేత్తో జాగ్రత్తగా చల్లినట్టు బియ్యపు నూకలు, నల్ల నువ్వులు. చీమలు వరస కట్టి మోసుకుపోతున్నాయి. ఎవరో వీటిని మేపుతున్నారు. ఎవరో ఏంటి, ఈ ఇంట్లో అలాంటి పని చేసే చెయ్యి ఒక్కటే. దుర్గ ఆ సంగతి మనసులోనే తొక్కిపెట్టి, చేతిసంచీలో ఉన్న ఖాళీ మందు సీసాలోకి నాలుగు చీమల్ని పట్టుకుని వెనక్కి వచ్చింది.

"మావయ్యగారూ, సతీష్‌ని చంపింది మా కృష్ణ కాదు. ఈ చీమలు. మీ చెట్లతో పాటు మట్టిలో వచ్చేయి. ఇవి కుడితే కొందరికి గొంతు వాచిపోయి ఊపిరి ఆగిపోతుంది."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఎవడో గట్టు అవతల నుంచి పకపకా నవ్వాడు. చావింట్లో నవ్వు! శివాజీ సీసా లాక్కుని వెలుగులో పెట్టి చూశాడు.

"నల్లచీమండీ బాబూ! నల్లచీమంట, కుట్టిందంట, మనిషి చచ్చేడంట!"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వైపు చీమలు రెండే జాతులు. ఎర్రవి కుడతాయి, నల్లవి కుట్టవు. ఎర్రవి కనిపిస్తే కిరసనాయిలు పోస్తారు, నల్లవి కనిపిస్తే పాపం పోనీలే అని పక్కకి తుడుస్తారు. పాలు తాగే పిల్లకి కూడా ఈ శాస్త్రం నూరిపోస్తారు. దుర్గ కూడా చిన్నప్పుడు అమ్మ ఒళ్లో ఇదే నేర్చుకుంది. దాని ముందు ఆమె డాక్టరేటు ఎంత!

త్రిమూర్తులు మెట్లు దిగి వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఏవమ్మా, నా కొడుకు శవం ముందు నాటకాలా? రా, నీ చీమ సంగతి తేలుద్దాం" అని దుర్గ రెక్క పట్టుకుని గట్టు మీదికి ఈడ్చుకుపోయాడు. పాదులో మోకాళ్ల మీద కూచుని, కత్తితో పుట్టని పెళ్లగించి, కుడిచెయ్యి మణికట్టు దాకా అందులో దూర్చాడు. "వద్దండీ మావయ్యగారూ!" అని దుర్గ అరిచింది. చీమలు నల్లగా ఎగబాకి మోచెయ్యి దాకా కప్పేశాయి. పెద్దాయన దవడలు బిగుసుకున్నాయి, నుదుటి మీద చెమట ముత్యాల్లా పోసింది, అయినా చెయ్యి తియ్యలేదు. కొడుకుని పోగొట్టుకున్నవాడికి ఆ మంట ఒక లెక్కా? చాలాసేపటికి తీసి పంచెకి తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

అందరూ చూశారు. దుర్గా చూసింది. పడిపోతాడేమోనని భయపడుతూ చూసింది. పాడు మనసు! పడిపోతే బాగుణ్ణు, తమ్ముడు బతుకుతాడు అని కూడా అనుకుంది. చెయ్యి ఎర్రగా కందింది, వాచింది. మనిషి మాత్రం చెక్కు చెదరలేదు.

"చూసేరా? నేను చచ్చేనా? చచ్చేనా చెప్పండ్రా!" అని గర్జించాడు. "తియ్యరా ఆ నాకొడుకుని బయటికి!"

శివాజీ షెడ్డు తాళం తీసి కృష్ణని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, నోట్లోంచి రక్తం చొక్కా మీదికి కారుతోంది. దుర్గ పరిగెత్తి వాడి చేతులు పట్టుకుని పైకెత్తింది. మోకాళ్ల మీదా, అరచేతుల వెనకా అవే దద్దుర్లు.

"చూడండి! వీణ్ణీ కుట్టేయి. సతీష్‌ని కుట్టిన గుర్తులే ఇవి!"

"మరి ఈడు చావలేదేం?" అన్నాడు శివాజీ. అని, రాడ్డు ఎత్తి కృష్ణ ముంజేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గట్టు మీద అందరికీ వినబడింది. కృష్ణ కేక పెట్టలేదు, గాలి పీల్చుకుని అలాగే ఉండిపోయాడు. రెండో దెబ్బ వీపు మీద పడింది. మూడోది దుర్గ అడ్డం పడితే ఆమె భుజానికి తగిలింది. ఆ చెయ్యి కాసేపు మొద్దుబారిపోయింది. ఒక్కడంటే ఒక్కడు "ఆపండ్రా" అన్నవాడు లేడు. దొంగ సచ్చినోళ్లు! నిన్నటిదాకా కృష్ణ ఇంట్లో కాఫీలు తాగినవాళ్లు కూడా ఆ గుంపులో ఉన్నారు. వాళ్లే ముందుకొచ్చి కాళ్లు పట్టుకున్నారు.

నరికేసిన కొబ్బరిచెట్టు మొద్దు ఒకటి అక్కడ ఉంది. కృష్ణ తలని దాని మీద పెట్టి అదిమారు. త్రిమూర్తులు వాచిన చేత్తోనే కత్తి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"అందరికీ కాదండీ, కొందరికే!" దుర్గ గొంతు చించుకుని అరిచింది. శివాజీ ఆమె జడ పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. "మొదటిసారి కుట్టినప్పుడు ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ కుట్టినప్పుడు ఆ ఒళ్లే మనిషి మీద తిరగబడుతుంది. మీకది లేదు, మా కృష్ణకి లేదు. సతీష్‌కి ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా వాడికి ఇలా మొహం వాచిందా? ఆయాసం వచ్చిందా? చెప్పండి మావయ్యగారూ!"

"లేదు" అన్నాడు త్రిమూర్తులు. కత్తి లేచింది.

దుర్గ వరండా వైపు చూసింది. లోవమ్మ చెయ్యి కొడుకు జుట్టులో ఆగిపోయి ఉంది. తల మాత్రం వంచేసుకుంది. ఆ వంచడంలోనే దుర్గకి జవాబు దొరికింది. అడగాల్సిన ప్రశ్న ఆ తల్లి గుండెలో ఎలా దిగుతుందో కూడా తెలుసు. తెలిసే అడిగింది. తమ్ముడి మెడ మీద కత్తి ఉంటే ఎవరి గుండె అయితే ఏం అనుకుంది.

"ఆ చెట్టు మొదట్లో నూకలూ నువ్వులూ పోసి చీమల్ని మేపిందెవరు? ఆ మనిషికి తెలుసు! ఆ మనిషిని చెప్పమనండి!"

కత్తి గాల్లోనే ఆగింది. ఎందుకాగిందంటే, ఆ నూకల సంగతి త్రిమూర్తులుకీ తెలుసు. భార్య శనివారం శనివారం గిన్నె పట్టుకుని గట్టు మీదికి వెళ్లడం చూస్తూనే ఉన్నాడు. మెల్లగా తల తిప్పి వరండా వైపు చూశాడు. లోవమ్మ లేచి నిలబడింది.

"నేనేనండి" అంది. గొంతు పెద్దగా రాలేదు, అయినా అందరికీ వినబడింది. "పిల్లోడికి శని పట్టింది, ప్రాణగండం ఉంది అన్నారు సిద్ధాంతిగారు. శనివారాలు నల్లచీమలకి నూకలూ నువ్వులూ పెడితే ఆయుష్షు నిలబడుద్దన్నారు. ఇంటికాడ చీమలు సగం ఒదిలేసేవి. ఈ చెట్ల కింద చీమలు ఒక్క గింజ మిగల్చకుండా పట్టుకుపోయేవి. దేవుడే తింటన్నాడనుకున్నాను."

"వాడికి మొహం ఎప్పుడు వాచింది?" అని త్రిమూర్తులు అడిగాడు. అది అతని గొంతులా లేదు.

"చవితికండి. మీరు భీమవరం ఎళ్లినప్పుడు. ఈ చెట్లకే లైట్లు కడతన్నాడు. మళ్లీ కాలు మండిపోతందమ్మా అన్నాడు. చూస్తే పాదం మీద చీమ. చంపబోతే నేనే చెయ్యి పట్టుకున్నాను. నల్లచీమరా, కుట్టదు, నీ ఆయుష్షు మోస్తన్నాయిరా అయ్యి, చంపకు అన్నాను. ఒదిలేసేడు. నా మాట ఎప్పుడు కాదన్నాడు ఆడు?" లోవమ్మ ఊపిరి తీసుకుంది. "కాసేపటికే కళ్లు మూసుకుపోయేలా మొహం వాచింది. ఆయాసపడ్డాడు. మన సందులో ఉండే డాక్టరు వచ్చి సూదేసి, తిన్న రొయ్యలు పడలేదన్నాడు. నేనూ రొయ్యలే అనుకున్నానండి. మీరు కంగారు పడతారని చెప్పలేదు. ఆ మర్నాడు శనివారం. గండం తప్పింది కదాని ఇంకో గిన్నె ఎక్కువ పోసేను."

కత్తి కింద పడింది. త్రిమూర్తులు రెండంగల్లో వరండా ఎక్కి, ఆ వాచిన చేత్తోనే భార్య మొహం మీద కొట్టాడు. లోవమ్మ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. గోడకి కొట్టుకుని కిందపడితే కాలితో తన్నాడు. "నా కొడుకుని మేపేవే! నా కొడుకునే మేపేవే చీమలకి!" అంటూ తన్నాడు. కృష్ణని పట్టుకున్న చేతులన్నీ వదిలేసి అటు పరిగెత్తాయి. శివాజీ రాడ్డు పారేసి బాబాయిని వెనకనుంచి వాటేసుకున్నాడు. నలుగురు పట్టినా ఆగలేదు ఆయన. చివరికి శవం మంచం కోడు పట్టుకుని కూలబడి, ఊరు అదిరేలా ఏడ్చాడు.

మొద్దు దగ్గర కృష్ణ ఒక్కడే మిగిలాడు. దుర్గ వాడి తల ఒళ్లో పెట్టుకుని, చీర కొంగు చింపి విరిగిన చేతికి కట్టింది. బతికాడు, బతికాడు! ఆమెకి మరో ఆలోచన రాలేదు. పక్కనే ఒక తల్లిని తన్నుతుంటే విన్నది, తను అడిగిన ప్రశ్నకే తన్నుతున్నారని తెలుసు. అయినా ఆ క్షణాన ఆమెకి కలిగింది సంతోషమే. ఎందుకు దాచాలి?

"అక్కా" అన్నాడు కృష్ణ పగిలిన పెదాలతో. "నేను నొక్కిపెట్టేనే ఆణ్ణి."

"ఏంటి?"

"ఆ పాదులో పడేసి మీద కూచున్నాను. ఒదులు బావా, మండిపోతంది, చీమలు చీమలు అన్నాడు. నాటకాలాడతన్నాడనుకున్నాను. ఇంకా గట్టిగా నొక్కేను. శానాసేపు నొక్కేనే."

దుర్గ చెయ్యి ఆగిపోయింది. చుట్టూ చూసింది. ఎవరూ వినలేదు.

"నోర్ముయ్" అంది. "ఈ మాట మళ్లీ నీ నోట రాకూడదు. నాతో కూడా అనకు."

లోవమ్మని లేపడానికి ఆడవాళ్లు వచ్చారు గానీ, ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నోటి మూల రక్తం. మెట్లు దిగి, గులకరాళ్ల మధ్య శివాజీ పారేసిన చీమల సీసా తీసుకుని, తిన్నగా అక్కాతమ్ముళ్ల దగ్గరికి వచ్చి కూచుంది. కృష్ణ వైపు చూసి, "చెయ్యిరిగిందా నాయనా?" అని అడిగింది. కృష్ణ మొహం అటు తిప్పుకున్నాడు.

"దీని పేరేంటమ్మా దుర్గా?"

దుర్గ చెప్పింది. బ్రాకిపొనేరా సెనారెన్సిస్ అని, పుస్తకాల్లో ఉన్న పేరు చెప్పింది. లోవమ్మ ఒకసారి పలకబోయింది, నోరు తిరగలేదు.

"కొత్తగా దొరికినవాటికి మనుషుల పేర్లు పెడతారంట కదా మీ చదువుల్లో? దీనికి నా పేరు పెట్టమ్మా. లోవమ్మ చీమ అనండి. దీన్ని చూసినప్పుడల్లా జనం నన్ను తిట్టుకోవాలి."

"ఇది కొత్తది కాదత్తయ్యా. మనకే కొత్త. ఎప్పుడో, మా తాతలనాడే పేరు పెట్టేసేరు."

"పేరు పెట్టేసేరా?" లోవమ్మ సీసాలోకి చూస్తూ అంది. "అయితే దీని సంగతి తెలిసినోళ్లు ఉన్నట్టేగా. మరి మాకు ఒక్కళ్లూ చెప్పలేదేంటమ్మా?"

చీమల మీద డాక్టరేటు ఉంది దుర్గకి. ఉండేది అమలాపురంలో. ఈ చెట్ల ముందు నుంచే పండక్కీ పబ్బానికీ తమ్ముడింటికి వెళ్లొస్తూనే ఉంది. లోవమ్మ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"తప్పు నీది కాదత్తయ్యా" అంది.

"మరెవరిదమ్మా?"

ఒళ్లో కృష్ణ కదిలాడు. ఏదో అనబోయాడు. దుర్గ అరచెయ్యి వాడి నోటి మీద ఉంచి, పోలీసు జీపు వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తూ కూచుంది.